జీడినూనె పూసిన పెన్ను

ఒక్క పెన్నుతో మా ఆవిడ కుడిచెయ్యి, ఆవిడ పరీక్ష, మావగారి దగ్గర నాకున్న కాస్త పరువు, ఈ మూడింటినీ మూడు రోజుల్లో పోగొట్టిన ఘనుణ్ణి నేను. అంత ఘోరం ఏం రాశావయ్యా ఆ పెన్నుతో అని అడక్కండి. నేనొక్క అక్షరం రాయలేదు. తయారుచేశానంతే. ఎంత ప్రేమగా తయారుచేశానో చెబితే మీకు కళ్ళనీళ్ళొస్తాయి. ఎంత తెలివిగా తయారుచేశానో చెబితే నవ్వొచ్చి మళ్ళీ అవే నీళ్ళొస్తాయి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

గజపతినగరంలో నాదొక కర్ర లేతు షాపు. మంచం కోళ్ళు, పప్పుగుత్తులు, అప్పడాల కర్రలు తిప్పుతాను, అంటే మిషను మీద కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలితో చెక్కుతాను. ఐటీఐలో టర్నరు పాసయ్యాను కాబట్టి, లోకంలో తిరిగే వస్తువేదైనా నా చేతికి లొంగుతుందని అప్పట్లో గట్టి నమ్మకం. లొంగనిదల్లా నీలవేణి. కళింగపట్నం పిల్ల, నాకు వరసకి మరదలు, పెళ్ళయి అప్పటికి ఏడాది. బీఈడీ సగంలో ఉండగా పెళ్ళయింది. మిగతా సగాన్ని మా వంటింట్లో పొయ్యి పక్కన పీట వేసుకుని చదువుతోంది. ఆ ఏడు డీఎస్సీ పడుతుందని ఊరంతా అనుకుంటున్నారు. బీఈడీ పరీక్షలన్నీ గట్టెక్కితేనే దానికి అర్హత. డీఎస్సీ ఒకసారి చెయ్యిజారితే మళ్ళీ ఎప్పుడు పడుతుందో చెప్పగలిగిన జ్యోతిష్కుడు ఇంకా పుట్టలేదు. అంచేత ఆవిడకి ఆ పరీక్షలు ప్రాణం.

నాకేమో ఆ పీట చూస్తే కళ్ళమంట. పరీక్షలింకా పదిహేను రోజులుండగా ఒక మధ్యాహ్నం కూరలో ఉప్పు లేదని మొదలుపెట్టి మాటని ఎక్కడికో తీసుకెళ్ళాను.

"ఉద్యోగం వచ్చిందనుకో, ఏ మారుమూలో వేస్తారు. అప్పుడు నాకు అన్నమెవరొండుతారు?"

"నీకు సేతుల్లేవేటి బావా?"

"సేతులు పనికి ఉన్నాయి గానీ వంటకి కాదు. అసలీ పరీక్షలు నీకెందుకే?"

నీల పుస్తకం మూసింది. ఆ పూట నుంచి నాతో మాటలు మానేసింది. అన్నం పెట్టేది, ఉప్పు సరిగ్గా వేసేది, నోరు మాత్రం విప్పేది కాదు. కేకలేసే పెళ్ళాన్ని భరించవచ్చు గానీ, అన్నీ సరిగ్గా చేస్తూ మాట్లాడని పెళ్ళాన్ని భరించడం బ్రహ్మతరం కాదు.

పెళ్ళాం అలక తీర్చడానికి లోకంలో చీరలున్నాయి, మల్లెపూలున్నాయి. టర్నరుకి అవి ఆనతాయా? ఆవిడ పరీక్ష రాయడానికి నా చేత్తో పెన్ను చేసిద్దామనుకున్నాను. అదీ మామూలు చెక్కతో కాదు. మా మావ నూకరాజుకి పూర్వం చెక్క పడవ ఉండేది. అందరూ ఫైబరు పడవలకి మారాక దాన్ని ఇసకలో బోర్లించి వదిలేశారు. దాని పలక ముక్క ఒకటి ఎప్పుడో తెచ్చి షాపులో పడేశాను. నాన్న పడవ చెక్కతో కూతురికి పెన్ను. నా ఆలోచనకి నేనే మురిసిపోయి ఆ పూట రెండు టీలు తాగాను.

పెన్ను పని చూడ్డానికి చిన్నదే గానీ మంచం కోడు కంటే కష్టం. బొటనవేలంత చెక్కకి నిలువునా రంధ్రం వెయ్యాలి. అందులో రీఫిల్లు పట్టే ఇత్తడి గొట్టం దూర్చి జిగురుతో బిగించాలి. తర్వాత లేతుకెక్కించి, గొట్టం మీద చెక్క అట్టముక్క మందాన మిగిలేదాకా ఉలితో తీసుకుంటూ రావాలి. మొదటి ముక్క రంధ్రం వేస్తుంటేనే చీలింది. రెండోదానికి జిగురు ఆరకముందే ఎక్కించాను, చెక్క ఆగిపోయి గొట్టమొక్కటే గిర్రున తిరిగి ఊడొచ్చి నా నుదుటికి తగిలింది. మూడోదానికి ఉలి వెంట్రుకవాసి ఎక్కువ దిగి లోపల ఇత్తడి పళ్ళికిలించింది. నాలుగోది కుదిరింది. గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేస్తే, అబ్బ, అరచేతిలో చేపపిల్లలా జారింది.

ఇక మెరుగు. అక్కడే పుట్టింది ముసలం. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు తాగిన చెక్క అది. పాలిష్ వేస్తే మర్నాటికి పొక్కులు లేచి పొరలుపొరలుగా ఊడిపోయింది. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ అంతే. ఈ చెక్కకి పడవల మెరుగే కావాలి కాబోలనుకుని కళింగపట్నం బస్సెక్కాను. మా మావ ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు.

"మావా, పడవకి పూసే జీడితొక్కల నూనె కొంచెం కావాల."

"ఏటికిరా?"

నిజం చెబితే కూతురి అలక సంగతి చెప్పాలి. అలక సంగతి చెబితే నేనన్న మాట చెప్పాలి. అందుకని, "గుమ్మం బయట బల్లకి మావా, వానకి నానిపోతన్నాది" అన్నాను.

"మనుసులు కూకునే బల్లా?"

"కాదు కాదు, పూలకుండీలెట్టేది."

"అయితే పర్లేదు. సెయ్యి తగలనీకురోయ్, తోలూడిపోద్ది. పూసేక నెల్రోజులు ఎండలో ఒగ్గేయ్. కోడి కూడా ఎక్కకుండా సూడు."

ఆ హెచ్చరికని నేనెంత శ్రద్ధగా పాటించానో వినండి. రెండు చేతులకీ కొబ్బరినూనె పట్టించాను. చెయ్యికి రెండేసి ప్లాస్టిక్ కవర్లు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేశాను. ముక్కుకి తువ్వాలు కట్టాను. ఆ వేషంలో నన్ను చూసి పక్క షాపువాడు, "ఏటి బావా, ఆపరేసనా?" అని అడిగాడు. పుల్లకి గుడ్డ చుట్టి, ఒక్క చుక్క నా ఒంటి మీద పడకుండా పెన్నుకి రెండు పూతలు పూశాను. నల్లటి ఎరుపు రంగులో అది మెరుస్తుంటే నాకే దిష్టి తియ్యాలనిపించింది. నెల్రోజులు ఎండలో ఉంచమన్నాడు కదా, పరీక్షలు ముంచుకొస్తున్నాయి కాబట్టి నాలుగు రోజులు ఉంచాను. పైన గట్టిపడింది. చాలనుకున్నాను.

పెన్నుని మనుషులు దేంతో పట్టుకుంటారో మీకు తెలుసు. బడికి వెళ్ళని పసిపిల్లలకీ తెలుసు. నా బుర్రకి మాత్రం ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా తట్టలేదు.

పరీక్షకి ముందురోజు కాగితంలో చుట్టి ఇచ్చాను. నీల విప్పింది. తిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది.

"మా నాన్న పడవ వాసనొస్తన్నాది."

"మీ నాన్న పడవే అది. నేనే తిప్పాను."

అన్ని రోజుల తరవాత నా మొహంలోకి చూసింది. కళ్ళు తడిశాయి. "రేపు దీంతోనే రాస్తాను బావా" అంది. ఆ క్షణంలో నాకంటే గొప్ప మొగుడు జిల్లాలో లేడని నాకు అనిపించింది. ఎవరైనా అడిగితే ఆవిడ కూడా ఔననే చెప్పేది.

విజయనగరంలో మొదటి పరీక్ష మూడు గంటలూ దాంతోనే రాసింది. ఆలోచన తెగనప్పుడు పెన్ను చివర కొరికే అలవాటు కూడా ఉంది. సాయంత్రం ఇంటికొస్తూనే వేళ్ళు గోక్కుంది. మర్నాడు లేచేసరికి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు నీళ్ళబొబ్బలతో ఉబ్బిపోయాయి. కిందిపెదవి వాచి ఒక పక్కకి వేలాడుతోంది. రెండో పరీక్ష ఆ మర్నాడే.

"తేలు కుట్టిందేమో సూడు" అన్నాను.

"మూడు వేళ్ళకీ, మూతికీ వరసపెట్టి కుడతాదా బావా?"

ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు వేళ్ళు చూసి, నిన్న ఏం పట్టుకున్నావమ్మా అని అడిగారు. నీల సంచిలోంచి పెన్ను తీసింది. ఆయన చిటికెన వేలు కూడా తగలనివ్వకుండా వాసన చూసి నావైపు తిరిగారు.

"దీనికేం పూశావయ్యా?"

"జీడితొక్కల నూనెండి."

"పూసినప్పుడు నీ చేతులకేమీ కాలేదా?"

ఇక్కడ నోరు మూసుకునుంటే సగం కాపురమైనా మిగిలేది. కానీ పనితనం గురించి అడిగితే టర్నరు నోరు ఆగదు. "నాకేటవుద్దండీ, కొబ్బరినూనె రాసుకుని, రెండేసి కవర్లు తొడుక్కున్నాను" అన్నాను.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే, చెయ్యి కాలుతుందని తెలుసు" అన్నారు. నర్సు కిటికీ వైపు తిరిగి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నీల నవ్వలేదు. బొబ్బలెక్కిన తన చేతిని చూసుకుంది, నా చేతుల్ని చూసింది. అప్పటిదాకా నాకూ తెలియలేదు, నా చేతులు అంత నున్నగా ఉన్నాయని.

కబురు తెలిసి సాయంత్రానికి మా మావ దిగాడు. గుమ్మం బయట నిలబడి అటూ ఇటూ చూశాడు.

"కుండీల బల్లేదిరా?"

"నేదు మావా."

"సెయ్యి తగలనీకని సెప్పానా నేదా?"

"నా సెయ్యి తగల్లేదు మావా."

ఆ జవాబు నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఇప్పటికీ నాకు తెలీదు. ఆయన చెయ్యెత్తాడు. మధ్యలో ఏమనుకున్నాడో దించేశాడు. "పరీచ్చలొద్దని దీన్ని సాదించినావంట కదా. కావాలనే సేసావేటిరా?" అన్నాడు. కొట్టినా బాగుండేది.

"కావాలని సెయ్యడానికి బుర్రుండాల నాన్నా. బావకి అంత లేదు" అంది నీల, వాచిన మూతితో. నా తరఫున ఆవిడ ఇచ్చిన సాక్ష్యం అదే. దాంతో మావ చల్లబడ్డాడు. నేను నిర్దోషినని తేలింది, వెధవనని కూడా తేలింది.

వేరే మనిషి చేత రాయించుకోవచ్చేమోనని ఆ సాయంత్రమే కాలేజీకి ఫోన్ చేశాను. ముందుగానే అర్జీ పెట్టుకోవాలట. ఎడం చేత్తో రాద్దామని నీల ఒక కాగితం మీద ప్రయత్నించింది. రెండు వాక్యాలు రాసి తనే చదవలేక నలిపేసింది. మర్నాడు మూడు వేళ్ళకీ గుడ్డ చుట్టుకుని వెళ్ళింది. నేను గేటు బయట నిలబడ్డాను. గంటంపావుకే ఆవిడ బయటికొచ్చింది. గుడ్డ తడిసిపోయి ఉంది. అక్కడ కూడా నేను ఊరుకోలేదు.

"పాస్ మార్కులకైనా రాసావేటి?"

బస్సులో కిటికీ పక్క కూర్చుంది. గంట ప్రయాణంలో ఒక్కసారీ ఇటు తిరగలేదు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ అడిగింది.

"నీకు బుర్ర లేదని మా నాన్నకి సెప్పాను. నాకు నిజం సెప్పు. నాను ఫెయిలవ్వాలని ఏ మూలైనా అనుకున్నావా?"

లేదు అనాలి. లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఆస్పత్రిలో ఆవిడ వేళ్ళకి మందు రాస్తుంటే, రెప్పపాటు కాలం, "పోన్లే, ఇంట్లోనే ఉంటాది" అని నా మనసులో ఒక మాట మెదిలింది. పెన్ను చేస్తున్నప్పుడు కాదు, ఒట్టు. బొబ్బలు చూశాక. ఆ మాటని తొక్కేశాను కూడా. అయినా ఆవిడ కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను. జన్మలో అంతవరకూ లేని నిజాయితీ ఆ రోజే వచ్చి నా నెత్తిన కూర్చుంది.

"బొబ్బలు సూసాక... ఒక్క సణం అనుకున్నాను" అన్నాను.

"సరే" అంది. లోపలికెళ్ళి ఎడంచేత్తో అన్నం వార్చింది.

ఆ పేపరు పోయింది, డీఎస్సీ దాంతోనే పోయింది. పేపరు మరుసటి ఏడు పాసయింది గానీ డీఎస్సీ మళ్ళీ పడడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ ఒక ప్రైవేటు బడిలో రోజంతా నిలబడి పాఠాలు చెప్పింది. కిందటేడు ఉద్యోగం వచ్చింది. వేళ్ళ మీద మచ్చలు పోయాయి. ఆ ఆరేళ్ళ గురించి ఆవిడ నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. అంటే నేనేదో ఒక జవాబు చెప్పి బయటపడేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఇదంతా రాసి మొన్న ఆదివారం ఆవిడకి చూపించాను. టీచరమ్మ కదా, తప్పులు దిద్దుతుందనుకున్నాను. కుదురుగా కూర్చుని ఆఖరిదాకా చదివింది. నర్సు చీరకొంగు దగ్గర మాత్రం ఒకసారి నవ్వింది.

"బాగుంది గానీ బావా, ఇంత రాసావు, నన్ను సమించమని ఎక్కడా రాయలేదేటి?"

"మనసులో ఉన్నాది కదే."

"నీ మనసులో ఏటుంటాదో ఒకసారి సెప్పావు కదా. సాలు."

అందుకని, కుడిచెయ్యి ఎత్తి, చదువరులందరి ఎదుటా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై పప్పుగుత్తి మొదలు మంచం కోడు వరకు ఏది తిప్పినా, దాన్ని ముందు నా వట్టి చేత్తో మూడు రోజులు పట్టుకుని తిరుగుతాను. నాకు కవరు కావలసిన వస్తువు ఇంకొకరి చేతిలో పెట్టను. మనసులో ఉన్నాది అని తప్పించుకోను. నీలా, నీ పరీక్ష పాడుచేశాను, పాడైనందుకు ఒక క్షణం సంతోషించాను. రెండింటికీ నన్ను క్షమించు.

ఈ ఆఖరి ముక్క కూడా చదివించాను. కాగితం మడిచి నా చేతికిచ్చి, "సూద్దాం" అంది.