గోడ అవతలి ఊపిరి

బిందుమాధవి పుట్టింది తెనాలి దగ్గరే అయినా, పెరిగిందంతా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల బోర్డుల నీడలోనే. వాళ్ళమ్మ హాస్టల్ పిల్లలకు క్యారేజీలు పంపేది. వాటిని అందించడానికి వెళ్ళి, కిటికీ బయట నిలబడి ఫిజిక్స్ పాఠాలు ఉచితంగా వినేసిన పిల్ల ఈమె. ఫీజు కట్టి లోపల కూర్చున్నవాళ్ళు కునికిపాట్లు పడుతుంటే, బయట నిలబడ్డ ఈమెకు తరంగాలంటే పిచ్చి పట్టుకుంది. బ్యాంకు పరీక్షలు రాయవే అని ఇంట్లో నెత్తీనోరూ కొట్టుకున్నా వినకుండా రాడార్ చదివింది. "రాడారంటే విమానాలా?" అని పక్కింటావిడ అడిగితే, "కాదు పిన్నిగారూ, కంటికి కనపడనివాళ్ళని కనిపెట్టడం" అని నవ్వేది.

ఎవరిని కనిపెట్టాలో ఆమెకు తెలిసింది అక్క కూతురు పుట్టినప్పుడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఊపిరి ఆగిపోతే గంట మోగాలని ఒంటినిండా పట్టీలు అతికించారు. ఆ పట్టీలు మార్చిన ప్రతిసారీ ఉల్లిపొరలాంటి చర్మం ఊడి వచ్చేది. అక్క మొహం అటు తిప్పుకునేది గానీ బిందుమాధవి చూస్తూనే ఉండిపోయింది. ఆ కోపంలోంచి పుట్టిందే ఆమె పెట్టె. ఉయ్యాలకు దూరంగా నిలబెడితే చాలు, ఒంటిని తాకకుండా రేడియో తరంగాలతో ఊపిరి లెక్క చెబుతుంది.

ఎల్బీనగర్‌లో బట్టల షాపు మీది అంతస్తులో ప్రసన్నకుమార్ చిన్న కంపెనీ నడుపుతున్నాడు. కాలేజీలో ఆమెకు సీనియర్. మంచివాడే, పని తెలిసినవాడే. ఇద్దరూ కలిసి పెట్టెను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక పిల్లల దవాఖానలో పెట్టి చూశారు. మొదట్లో అది తప్పులు చెప్పింది. బిడ్డ మీదికి తల్లి వంగితే తల్లి ఊపిరిని కూడా కలిపేసుకునేది. బిడ్డ ఊపిరి ఆగినా, తల్లిది వినిపిస్తుంటే గంట మోగేది కాదు. పసివాళ్ళ ఊపిరి వడివడిగా ఉంటుంది, పెద్దవాళ్ళది నెమ్మదిగా. దాన్ని పట్టుకుని బిందుమాధవి నెమ్మది ఊపిరులన్నీ వడగట్టేసింది. ఇక తల్లి వంగినా, నర్సు నిలబడినా, పెట్టెకు బిడ్డ ఒక్కటే కనిపించేది. ఆ వారమంతా ఆమె కాళ్ళు నేల మీద లేవు.

తర్వాత మిలిటరీ వాళ్ళకు సరుకు సమకూర్చే ఒక సంస్థ వాళ్ళు వచ్చారు. గోడ అవతల ఎవరున్నారో ఈ పెట్టె చెప్పగలదా అని అడిగారు. చెప్పగలదు. కాగితాల మీద సంతకాలయ్యాయి, పెట్టె వార్డులోంచి వచ్చేసింది. ఎందుకు తెచ్చేశారో బయట ఎవరికీ చెప్పకూడదు. డిజైన్ కంపెనీది కాబట్టి, ఆమె ఉద్యోగం మానేసినా ఇంకోచోట అలాంటిది చేయకూడదు.

"వాళ్ళ ఆర్డరు వస్తేనే వార్డు పెట్టెలు చేయగలం బిందూ. ఆసుపత్రుల్ని నమ్ముకుంటే మన ఆఫీసుకు తాళమే. ఇంకో దారుంటే నువ్వే చెప్పు" అన్నాడు ప్రసన్నకుమార్.

ఆమె చాలా వెతికింది. దొరకలేదు. గోడ అవతల ఎవరున్నారో ముందే తెలిస్తే అమాయకులు చావరు కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. చదువుకున్నవాళ్ళకు ఇదొక సుఖం, సర్దిచెప్పుకోవడానికి మంచి మంచి మాటలు దొరుకుతాయి. కానీ వార్డు ఆయా సైదమ్మ ఫోన్ చేసినప్పుడు ఆ మాటల్లో ఒక్కటీ నోటికి వచ్చేది కాదు.

"మేడం, డబ్బ ఎప్పుడు దెస్తవ్? పోరగాండ్లకు మల్ల పట్టీలే అతికిస్తున్నరు. పీకుతుంటే తోలు లేస్తున్నది. నాకైతే చూడబుద్ధైతలేదు."

"తెస్తాను సైదమ్మా" అనేది. అంతకుమించి ఏం చెప్పినా నేరమే.

పరీక్షకు తుర్కయంజాల్‌లో యాదగిరి ఇల్లు కిరాయికి తీసుకున్నారు. పొలాలు ప్లాట్లయ్యాక యాదగిరి కొత్త బిల్డింగులు కట్టాడు గానీ, తాతల నాటి రాతిగోడల ఇంటిని మాత్రం వదల్లేదు. ఆ మందపాటి గోడలే కంపెనీకి కావాల్సింది. ముందు గదిలో స్క్రీన్ పెట్టారు. గోడ అవతలి గదిలో కంపెనీ డ్రైవర్ జంగయ్యను ఒక్కడినే కూర్చోబెట్టారు. ఆ సంస్థ నుంచి చూడటానికి వచ్చిన అతిథుల్లో పెద్దాయన రిటైరైన కల్నల్, చాలా మర్యాదస్తుడు. టీ తెచ్చిచ్చిన కుర్రాడికి కూడా థాంక్స్ చెప్పాడు.

వార్డు కోసం పెట్టిన వడపోత తీసేసి పెట్టె ఆన్ చేశారు. ఒక ఊపిరి చూపించాల్సిన స్క్రీన్ మూడు చూపించింది.

ప్రసన్నకుమార్ గభాలున ఇంటాయన వైపు తిరిగాడు. "యాదగిరిగారూ, లోపల ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవ్వరు లేరు సార్. ఆ గదికి ఆనుకున్న వెనకర్ర గూడ ఖాళీగనే ఉన్నది" అన్నాడు యాదగిరి, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

కల్నల్ గడియారం చూసుకున్నాడు. బిందుమాధవి స్క్రీన్ దగ్గరికి జరిగింది. రెండు ఊపిరులు నెమ్మదిగా ఉన్నాయి. మూడోది చిన్నది, వడివడిగా కొట్టుకుంటోంది. వార్డులో రాత్రింబవళ్ళు కళ్ళార్పకుండా చూసిన గీత అది, పోల్చుకోకుండా ఎలా ఉంటుంది? ఆమెకు ఒక్కసారిగా ఎంత సంతోషం కలిగిందంటే, తనెక్కడుందో మరిచిపోయి వంటింట్లో ఉన్న యాదగిరి భార్య ఆండాలు దగ్గరికి పరుగెత్తింది.

"మెల్లగ మాట్లాడు బిడ్డా" అంది ఆండాలు. "మా కూతురు ప్రణతి పురిటికొచ్చింది, వెనకర్రల ఉన్నది. పచ్చి బాలెంత. పరాయోళ్ల కండ్లు పడొద్దని మా ఆయన ఎవ్వరు లేరన్నడు. జర ఎవ్వరికి చెప్పకు."

చెప్పకపోతే పెట్టె తప్పన్నట్టే, సైదమ్మకు ఇచ్చిన మాట పోయినట్టే. ఆమె వచ్చి చెప్పేసింది. ఒకరు డ్రైవర్, ఒకరు తల్లి, ఒకరు పసిబిడ్డ. యాదగిరి తల దించుకున్నాడు. అతిథులు మాత్రం కుర్చీల్లో ముందుకు వంగారు.

"అద్భుతం" అన్నాడు కల్నల్. "అయితే ఒక చిన్న మార్పు కావాలి. మాకు తుపాకీ పట్టగలవాళ్ళ లెక్క చాలు. స్క్రీన్ చూసి మా కుర్రాడు క్షణంలో నిర్ణయం తీసుకోవాలి. మూడు చూపించి, అందులో ఒకటి పసిబిడ్డ అని చెబితే వాడి చెయ్యి ఆగిపోతుంది."

"ఆగాలి కదండీ" అంది బిందుమాధవి.

ఆయన చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"అలా మార్చాలంటే నెల పడుతుంది" అందామె.

"నెలెందుకు బిందూ?" అన్నాడు ప్రసన్నకుమార్ నిజంగానే ఆశ్చర్యపోతూ. "వార్డులో తల్లుల్ని తీసేశావు కదా. అదే అటుది ఇటు తిప్పితే సరి."

పక్కనే కూర్చుని ఆ ప్రోగ్రామంతా చూసినవాడు. అబద్ధం అతని దగ్గర నిలవదు. అతను ల్యాప్‌టాప్ తనవైపు లాక్కోబోతే ఆమె చేత్తో ఆపింది. అతను తిప్పితే అది అతని చేతిలో ఉంటుంది, తను తిప్పితే ఎప్పటికైనా మళ్ళీ వెనక్కి తిప్పవచ్చు. ఆ నిమిషానికి దొరికిన మంచి మాట అది. అందులో నిజం లేదని ఆమెకు తెలుసు. లేచి వెళ్ళిపోతే పెట్టె ఇక్కడే ఉంటుంది, వార్డుకు ఎప్పటికీ చేరదు. తలుపు తెరిచే ఉంది, వాకిట్లో ఎండ కూడా కనిపిస్తోంది. అయినా ఆమెకు ఊపిరాడలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది. ప్రోగ్రాములో ఆ వడపోతను మళ్ళీ పెట్టి, అందులో ఒక్క గుర్తు మార్చింది.

స్క్రీన్ మీద చిన్న గీత పోయింది. రెండు.

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నాడు కల్నల్. ప్రసన్నకుమార్ ఊపిరి పీల్చుకుని ఆమె భుజం తట్టాడు.

అప్పుడే లోపల బిడ్డ ఏడ్చింది. గుక్కపట్టి, గోడలు దాటి, గదిలో ఉన్న అందరికీ వినిపించేలా ఏడ్చింది. ఎవరూ అటు తిరగలేదు.

ఆండాలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. దాచిన గుట్టు ఎలాగూ బయటపడింది, గోడ అవతలి మనవణ్ణి ఈ మిషను పట్టేసిందన్న మాట ఆమె చెవిన పడింది. చెప్పొద్దన్నా చెప్పేసిందన్న కోపం పోయి మొహం విప్పారింది. కొంగు సర్దుకుని స్క్రీన్ దగ్గరికి వంగింది.

"ఏడి బిడ్డా మా మనుమడు? గీ రెండిట్ల ఏది వాడు?"

"ఇందులో లేడమ్మా" అంది బిందుమాధవి.

"లేకపోవుడేంది?" ఆండాలు విస్తుపోయింది. "ఏడుస్తుండు గదా బిడ్డా, నీకు ఇనబడ్తలేదా?"