రెండో టెక్నీషియన్

ఆ సోమవారం పొద్దున్న ఉదయ్‌కుమార్, తన తండ్రి డ్యూటీకి తొక్కే సైకిలు గొలుసుకి నూనె వేశాడు. వేళ్ళు గుడ్డకి తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుని బస్సుకి నడిచాడు. సెక్టర్ 2లోని ఆ కంపెనీ క్వార్టరులో వాడు చేసిన ఆఖరి పని అదే.

"ఎల్లు, ఎల్లు! ఊరోళ్ళ కఫాలు సూసుకో! నీకు ఇల్లెందుకు?" అని గుమ్మంలోంచి అరిచాడు తండ్రి నూకరాజు.

నూకరాజు రిటైర్మెంటు ఇంకో నాలుగు నెలలు. తర్వాత క్వార్టరు ఖాళీ చెయ్యాలి. కొడుకు కంపెనీ ఆసుపత్రిలో చేరితే ఆ ఇల్లు వాడి పేర నిలబడుతుంది. వాడేమో ఆరేళ్ళుగా అడవి పక్క ఊళ్ళో సర్కారు ఆరోగ్యకేంద్రాన్ని పట్టుకు వేలాడుతున్నాడు. అక్కడ రెండు ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు. రెండోదానిలో చేరినవాళ్ళు నెల తిరక్కుండానే పారిపోయేవారు.

"నేనూ వచ్చేస్తే స్లైడ్ కౌన్ దేఖేగా, నానా? ఎవరు చూస్తారు?" అన్నాడు ఉదయ్ వెనక్కి తిరిగి.

"ఆళ్ళు సత్తే నీకేటి? మీ యమ్మ సామాను ఏ రోడ్డు మీద ఎట్టాల?"

చాన్నాళ్ళుగా తండ్రీకొడుకులకి మాటల్లేవు. అరుపులే.

ఆ బుధవారం ఊళ్ళోనే ఉన్న రుఆబాంధా పేట నుంచి రజనీకుమారి అనే అమ్మాయి వచ్చింది. "అంకుల్, ఉదయ్ భయ్యా ఉన్నచోటే నాకు రెండో టెక్నీషియన్‌గా పోస్టింగ్ ఇచ్చారు. బాగానే ఉంటుందంటాడు భయ్యా. మా అమ్మ నమ్మట్లేదు, మిమ్మల్ని అడిగి రమ్మంది."

"బాగుంటాదా? కరెంటుండదు. స్నానాల గదిలో పాములు. నా కొడుకు యెర్రోడు, ఉన్నాడు. ఆడపిల్లవి, నీకేటి కర్మ?"

భార్య అచ్చమ్మ తెచ్చిన టీ ముట్టకుండా లేచి వెళ్ళిపోయిందా అమ్మాయి. నూకరాజుకి కడుపు నిండినట్టయింది. మనుషుల్లేక ఆ కేంద్రం మూతబడితే కొడుకు గతిలేక ఇల్లు చేరతాడు మరి.

వానలకి బస్సులు ఆగి, ఆదివారాలు ఇంటికొచ్చే ఉదయ్ రెండు వారాలు రాలేదు. మూడోవారం జ్వరం పట్టుకుంది. తన వేలు తనే పొడుచుకుని, రక్తం గాజుపలక మీద పూశాడు. దాన్ని చూసేలోగా ఒళ్ళు తెలియకుండా పడిపోయాడు. ఆ పలక చదవగలిగిన మనిషి ఆ కేంద్రంలో ఇంకొకరు లేరు. మలేరియా మెదడుకెక్కిందని పట్నంలో తేలేసరికి వాడు దక్కలేదు.

పెద్దకర్మ నాడు రజనీకుమారి వచ్చింది. లోపలికి రాలేదు.

"ఇంకా ఏటికొచ్చావు?" అన్నాడు నూకరాజు.

"చెప్పిపోదామని. కంపెనీ ఆసుపత్రిలో భయ్యాకి సెలక్షన్ అయిపోయింది. ఆ కాగితం నాకు చూపించాడు, పని తేలాకే మీకు చెబుతానన్నాడు. నేను చేరితే మర్నాడే ఆరోగ్యకేంద్రం నుంచి తనని వదిలేస్తామన్నారు, అంకుల్."