సైరన్ మోగితే ఆగిన వెల్డింగు: రోబో చట్రం కోసం గోదావరిఖనికి ఒక రోజు

మా రోబోను మొదటిసారి కాలేజీ వరండాలో నడిపినప్పుడు అది బారెడు దూరం పోయి ఎడమకు తిరిగింది. చైను పళ్ళ మీంచి జారి టకటకా కొట్టుకుని ఆగిపోయింది. హైదరాబాదులో బరువు మోస్తూ వాలు ఎక్కి దిగాల్సిన రోబోల పోటీకి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. వెనుక రెండు కారు వైపర్ మోటార్లు, ఒక్కో పక్కన రెండేసి చక్రాలు, మోటారు నుంచి చక్రాలకు సైకిల్ చైను, ఇంతే దాని నడక. మేము ప్లైవుడ్‌తో చేసిన చట్రం మాత్రం బరువు పడగానే మెలి తిరుగుతోంది. అప్పుడు మోటారుకూ చక్రానికీ మధ్య దూరం మారి చైను వదులవుతోంది. అయిదుగురి జట్టులో చట్రం, నడక నా బాధ్యత. చేతిరాత బాగుంటుందని మొదట్లో నన్ను చార్టులు రాయమన్నారు. కొట్లాడి ఈ పని తీసుకున్నాను. ఇప్పుడు చెడింది అదే. హన్మకొండలో అడిగిన రెండు వర్క్‌షాపులూ వారం పడుతుందన్నాయి. "మా గోదావరిఖనిలో ఒక్కరోజులో చేయించుకొస్తా" అని అందరి ముందూ అనేశాను. అన్న క్షణం నుంచే భయం మొదలైంది.

మర్నాడు అయిదున్నరకు హాస్టల్ నుంచి బయలుదేరాను. మోటార్లు, చక్రాలు, చైన్లు, బ్యాటరీ ఒక గోనెసంచిలో, గీసుకున్న డ్రాయింగు నోటుబుక్కులో. హన్మకొండ నుంచి కాజీపేటకు సిటీ బస్సు అరగంట. అక్కడ పొద్దున ప్యాసింజర్ ఎక్కితే రామగుండానికి రెండున్నర గంటలు, టికెట్ ఇరవై రూపాయల లోపే. సామాను ఉంటే మధ్య పెట్టెల్లో ఎక్కకండి, చివరి పెట్టె ఖాళీగా ఉంటుంది. పెద్దపల్లి దాటాక పవర్ ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. ప్రతిసారీ వాటిని చూస్తే ఇల్లు వచ్చిందని హాయిగా ఉండేది. ఆ రోజు మాత్రం ఇంకా దూరంగా ఉంటే బాగుండుననిపించింది.

స్టేషన్ బయట గోదావరిఖని చౌరస్తాకు షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి పదిహేను రూపాయలు. డ్రైవరన్న నా సంచి ఎత్తి మళ్ళీ కింద పెట్టాడు.

"ఏందమ్మా గిది, బొగ్గా?"

"రోబో సామానన్నా. మిషిని. మనం చెప్పిన పని చేస్తది."

"చెప్పిన పని చేస్తదా? మా ఇంటామెకు చెప్పకు. నన్ను తీసేసి దాన్ని తెచ్చుకుంటది."

ఆటోలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడే వెనుక కూర్చున్నాయన, "రేపు బంద్ అంట గదా, ఎరికేనా?" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. ఈ ఏడాది తెలంగాణ కోసం బంద్ ఎప్పుడు పడుతుందో ముందుగా తెలియడం లేదు, పడితే రైళ్ళు ఆగుతాయి. చౌరస్తాలో దిగుతూనే మా జట్టు నాయకుడు కిరణ్‌కు ఫోన్ చేశాను. నిజమేనన్నాడు. రేపు కదలలేం కాబట్టి ఈ రాత్రికే కాజీపేట నుంచి హైదరాబాదు వెళ్ళాలట. "నువ్వు ఎనిమిదింటికల్లా చట్రంతో కాజీపేటలో లేకపోతే మేం పోయి వేరేవాళ్ళ రోబోలు చూసొస్తాం, అంతే" అన్నాడు. కోపంతో అనలేదు. అందుకే ఎక్కువ భయమేసింది. సాయంత్రం ఐదుంపావు ప్యాసింజర్ తప్ప నాకు వేరే దారి లేదు.

యూసుఫ్ చాచా షెడ్డు మెయిన్ రోడ్డు నుంచి లోపలికి, ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని మట్టిగుట్టలు కనిపించే వైపు ఉంటుంది. టిప్పర్ల బాడీలు, ట్రాక్టర్ల ట్రాలీలు అతుకుతాడు. మా నాన్నకు, అంటే బాపుకు, పాత పరిచయం. నా డ్రాయింగును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. అంగుళం చదరపు పైపు, సన్న రేకుది, రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. మోటార్ల బోల్టులకు గుండ్రటి రంధ్రాలు కాకుండా పొడవాటి గాడులు కావాలన్నాను, మోటారును వెనక్కి జరిపి చైను బిగించుకోవడానికి.

"సమజైంది బేటీ. నువ్వు పోయి ఇంత తినిరా. ముఖం జూస్తే పొద్దటి సంది మంచినీళ్ళు గూడ తాగనట్టున్నవ్."

చౌరస్తా దగ్గర మెస్సులో ముప్పై రూపాయలకు అన్నం, పప్పుచారు, వంకాయకూర పెడతారు, కడుపునిండా. వడ్డించే అక్క నా చేతులకంటిన గ్రీజు చూసి సంగతి అడిగింది. చెప్పాను. "అన్నం తినదు, చీర అడగదు. మంచిదే" అని ఇంకో గరిటె వేసింది. సగం తిని లేచాను. తిరిగి వెళ్తూ కొన్ని బోల్టులు, వాషర్లు కొనేసరికి ఒంటిగంట దాటింది.

షెడ్డులో చట్రం తయారై ఉంది. పైపు లేదు. L ఆకారపు మందపాటి ఇనుప యాంగిల్‌తో మంచం పట్టెల్లా అతికి పెట్టాడు.

"చాచా, నేను పైపు గదా చెప్పింది?"

"గా సన్న పైపు నీ బండిని ఏం మోస్తది? విరిగితే యూసుఫ్ చేసిండంటరు. గిది చూడు, మీద టిప్పర్ ఎక్కినా ఏంగాదు."

తప్పు ఆయనది కాదు. మా ఊళ్ళో ఏ వస్తువు చేసినా విరగకుండా చేస్తారు. విరిగితే గనిలో మనుషులు పోతారు కాబట్టి, బరువైనదే మంచిదని అందరి నమ్మకం. నేను కొలతలన్నీ చెప్పాను గానీ పోటీలో రోబో ఇరవై కిలోలు దాటకూడదన్న ఒక్క మాట చెప్పలేదు. పక్కనున్న పాత ఇనుము దుకాణం కాటా మీద చట్రం, మోటార్లు, చక్రాలు, బ్యాటరీ అన్నీ పెట్టి తూచాం. ఇరవై మూడు.

గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. ఏ లెక్కలో తప్పు పోయినా దిద్దేవాళ్ళు ఇంట్లో ఎప్పుడూ లేరు. అప్పుడు కూడా నోటుబుక్కు తెరవడం తప్ప ఏం చేయాలో తోచలేదు. బొమ్మ చూస్తూ ఉంటే ఒకటి తట్టింది. చైను లాగేది పొడుగు పట్టెల వెంబడి. అవి మందంగా ఉంటే మంచిదే, మోటారు కదలదు. అడ్డ పట్టెలు నాలుగూ మెలి తిరగకుండా ఆపితే చాలు. మెలిని ఆపడంలో యాంగిల్ కంటే పైపే మేలని క్లాసులో చదువుకున్నాం. ఆ నాలుగూ కోసేసి పైపు పెడితే మూడున్నర కిలోలు తగ్గుతాయి. చెప్పాను. చాచా కటింగ్ మిషన్ అందుకున్నాడు.

రెండింటికి మొదలైంది. ఎనిమిది అతుకులు. నేను పక్కనే నిలబడి ప్రతి అయిదు నిమిషాలకూ "జల్ది చాచా, ట్రెయిన్ పోతది" అంటూనే ఉన్నాను. అయిదో అతుకు సగంలో ఉండగా ఓపెన్‌కాస్ట్ సైరన్ మోగింది, బ్లాస్టింగుకు. సైరన్ వినగానే చేతిలో పని చేతిలోనే వదిలి ఇంటి కప్పుల కింద నుంచి బయటికి రావడం ఆ బస్తీలో అలవాటు. అందరం రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాం. కాళ్ళ కింద నేల ఒక్కసారి జరిగినట్టయింది, షెడ్డు రేకులు గలగలలాడాయి. దుమ్ము తగ్గేదాకా ఆగి లోపలికి పోయాం. నేను మళ్ళీ జల్ది అన్నాను. చాచా ఆగినచోటి నుంచే మొదలుపెట్టాడు.

మూడున్నరకు బాపు వచ్చాడు, ఫస్ట్ షిఫ్టు దిగి, టిఫిన్ డబ్బాతో. బాపుది బాయిలో, బొగ్గుగనిలో, టింబర్ పని, అంటే గని కప్పు కూలకుండా కింద దిమ్మెలు నిలబెట్టడం. సంతకం చేస్తాడు, అంతకుమించి చదవడం రాదు. ఎనిమిదో అతుకు పూర్తయ్యేదాకా ఆగాడు. ఒక ఇనుప కడ్డీ తీసుకుని ఒక్కో అతుకునూ కొట్టడం మొదలుపెట్టాడు. ఖణ్. ఖణ్. ఖణ్. ఖణ్. అయిదోది బద్ మంది. మళ్ళీ కొట్టాడు. బద్.

"ఇది పలుకుతలేదు" అన్నాడు.

చాచా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు. "ముప్పై ఏండ్ల సంది వెల్డింగ్ చేస్తున్న రాజన్నా. నువ్వు కడ్డీతో కొట్టి నాకు చెప్తవా?"

"నీ చెయ్యి మంచిదే భాయ్. నేనేమన్న అంటున్ననా? బాయిల కప్పును గిట్లనే కొడ్తం. గట్టిగుంటే మోగుతది. లోపట పగులుంటే మోగది. గా అతుకే అంటున్నది, నేను గాదు."

టైము నాలుగు. స్టేషన్‌కు నలభై నిమిషాలు. అతుకు పైకి చక్కగా, మెరుస్తూ ఉంది. పోనీ ఉండనిద్దాం అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. బాపు నా వైపు చూశాడు. "బండి నీది బిడ్డా. నువ్వు చెప్పు."

"నాకు భయమైతుంది బాపూ."

"కావాలె. నాకు దినాం అయితది. భయం లేనోడు కొట్టి చూడకుంట లోపటికి పోతడు."

"తియ్యి చాచా" అన్నాను.

గ్రైండర్‌తో పైపొర తీస్తే లోపల నల్లటి పెంకు బయటపడింది. సైరన్‌కు ముందు వేసిన వెల్డింగు మీద గట్టిపడ్డ పెంకు అది. చాచా మామూలుగా సుత్తితో కొట్టి రాల్చి గానీ మళ్ళీ మొదలుపెట్టడు. ఆ రోజు నా తొందరకు దాని మీదనే వేశాడు. ఇనుము ఇనుమును పట్టుకోలేదు. ఆయన దాన్ని చూసి, "గిది నా వెల్డింగ్ గాదు బేటీ, నీ జల్ది" అన్నాడు. తర్వాత పెంకంతా రాల్చి, నెమ్మదిగా, ఈసారి నేను నోరెత్తకుండా, కొత్తగా అతికాడు. బాపు కొట్టాడు. ఖణ్.

స్టేషన్‌లో బాపు చట్రాన్ని భుజాన వేసుకుని, డ్యూటీ బట్టల్లోనే, నా ముందు పరుగెత్తాడు. ప్యాసింజర్ పది నిమిషాలు లేటుగా వచ్చింది, అందుకే అందింది. మీ ప్రయాణంలో దీన్ని నమ్ముకోకండి.

పోటీ దగ్గర కాటా మీద మా రోబో పంతొమ్మిదిన్నర తూగింది. మా వంతుకు ముందు నేను స్పానర్‌తో ఎనిమిది అతుకులూ కొట్టి చూస్తుంటే, "పూజ చేస్తున్నావా?" అని కిరణ్ నవ్వాడు. రోబో నేరుగా పోయింది. బరువుతో వాలు ఎక్కింది, దిగింది, చైను జారలేదు. రెండో రౌండులో బ్యాటరీ వైరు ఊడి ఓడిపోయాం, అది వేరే సంగతి. ఫోన్ చేస్తే బాపు గెలిచావా అని అడగలేదు. "పలికిందా?" అన్నాడు. పలికింది బాపూ, అన్నాను.

ఆ రోజంతా భయాన్ని నాకు అడ్డొచ్చే వస్తువులా చూశాను. అందుకే దాని నుంచి పారిపోవడానికి తొందరపడ్డాను, ఆ తొందరే అతుకులో పెంకై కూర్చుంది. బాపు కూడా రోజూ భయంతోనే బాయిలోకి దిగుతాడు. కాకపోతే దాన్ని చేతిలో కడ్డీలా పట్టుకుంటాడు. నాకింకా అది పూర్తిగా చేతకాలేదు.

మీరూ ఇటువైపు ఏదైనా చేయించుకోవడానికి వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కొలతల కాగితం ఇచ్చి అన్నానికి పోకండి. వస్తువు ఎంత బరువు దాటకూడదో, ఎందుకు దాటకూడదో పని మొదలుపెట్టకముందే మేస్త్రీకి నోటితో చెప్పండి. చెబితే మా ఊళ్ళో ఎవరైనా వింటారు.