వాపస్ ఖర్చు

ఎనభైల మొదట్లో ఒక సాయంత్రం నయాపూల్ దగ్గర బస్సెక్కిన ఒకామె నా పక్కన కూర్చుంది. ఒళ్లో పసిబిడ్డ నిద్రపోతున్నాడు. కొంగుముడి విప్పి, పత్తర్‌గట్టి బజారులో రూపాయలు మార్పించి తెచ్చుకున్న ఒక దీనార్ నోటు చూపించింది.

“ఎల్లుండి కువైట్ పోతున్న అక్కా. ఒక షేకు ఇంట్ల పిల్లలను చూసుకునే పని. చేతిల గిదొక్కటే ఉన్నది. ఆడ మంచిగ లేకుంటే దీంతోని వాపస్ రావచ్చా?”

“రాలేవు చెల్లీ. విమానం టికెట్టుకు చాలా కావాలి” అన్నాను.

ఆమె నోటును మళ్లీ ముడేసుకుంది.

“నాకెరుకే అక్కా. ఎవరన్నా ‘వస్తవులే’ అంటరేమోనని అందరినీ అడుగుతున్న.”

చాంద్రాయణగుట్టలో బిడ్డను భుజాన వేసుకుని ఆమె దిగిపోయేదాకా ఆ ఒక్కమాట నా నోటికి రాలేదు.