హారన్ రిలే

కిందటి వేసవంతా నేను కారు అద్దాలు దించలేదు. ఏసీ పాడైందని జగ్గయ్యపేటకి తెలియకూడదు.

పదమూడేళ్ళ తెల్ల కారు. మా ఇంట్లో మిగిలినవాటిలో నలుగురి ముందుకీ తీసుకురాగలిగింది అదొక్కటే. వేడిగాలి ముఖానికి కొడుతుంటే అద్దాల వెనక నిటారుగా కూర్చుని, ఎదురైనవాళ్ళకి తల ఊపేవాణ్ణి. బజార్లో హోల్‌సేలు కొట్టు షావుకారు పలకరించబోతే చెయ్యి ఊపి సాగిపోయేవాణ్ణి. అద్దం దించితే లోపలి సెగ ఆయన ముఖానికి తగులుతుంది. కంప్రెసర్ పోయిందని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆ మాట షెడ్డులో నలుగురి మధ్య వినడం ఇష్టం లేక ఏడాది గడిపేశాను.

ఈ మే నెలలో నందిగామలోని ఒక కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. ఆ స్థలం మా తాతగారు ఇచ్చింది. కొత్త గదులకి రిబ్బను నేను కత్తిరించాలి.

"కారు పంపిస్తామండి," అన్నారు ప్రిన్సిపాల్ ఫోన్లో.

"మాకు కారుంది," అన్నాను.

అన్నాక గానీ మధ్యలో ఉన్న దారి గుర్తుకు రాలేదు. గంజి పెట్టిన పంచె, చొక్కా చెమటతో ముద్దయి వేదిక ఎక్కినవాడు మా ఇంట్లో ఇంతవరకు లేడు. నేను మొదటివాణ్ణి కాదలచుకోలేదు.

రిబ్బను కత్తిరించే రోజు పొద్దున ఏడింటికే షెడ్డు తెరిపించాను. మెకానిక్ నడివయసువాడు. వాళ్ళ నాన్న ఒకప్పుడు మా ట్రాక్టరు తోలేవాడు.

"ఎప్పట్నించండీ, బాబుగారూ?"

"నిన్నట్నుంచి."

మీటరు తగిలించి చూశాడు, గ్యాసు ఉంది. ఫ్యూజు పీకి చూశాడు, బాగుంది. నన్ను ఏసీ బటన్ నొక్కమని కంప్రెసర్ దగ్గర చెవి పెట్టాడు.

"టక్కుమనాలండీ. అనట్లా. దాని దాకా కరెంటే రావట్లా."

ఫ్యూజుల డబ్బాలోంచి అగ్గిపెట్టె కంటే చిన్నదాన్ని, నల్లటిదాన్ని, పీకి అరచేతిలో పెట్టి చూపించాడు. కంప్రెసర్‌కి కరెంటు వదిలే రిలే అట. అడుగున మాడిపోయి ఉంది.

"ఇదేనా?"

"ఇదేనండి. నిన్నటి మాడు కాదండోయ్. ఎంత దుమ్ము పట్టిందో చూడండి."

నేను చూడలేదు.

కొత్తది పేటలో దొరకదన్నాడు. విజయవాడ నుంచి సాయంత్రం బస్సులో వేయిస్తానన్నాడు. పదింటికల్లా నందిగామలో ఉండాలన్నాను. కాసేపు తల గోక్కుని, పక్కనే అదే ఆకారంలో ఉన్న ఇంకో రిలే పీకి ఏసీ గుంటలో గుచ్చాడు. టక్కుమంది. చల్లగాలి వచ్చింది.

"ఇది హారన్‌దండి. రెండూ ఒకటే సైజు. టెస్టింగ్‌కి పెట్టా. ఏసీనా హారనా, మీ ఇష్టం. నన్నడిగితే హారనే."

"అక్కడే ఉంచు."

"హైవేనండీ. సిమెంటు లారీలు..."

"ఉంచమన్నానా!"

"సరేనండి. మరీ అవసరమైతే బానెట్ ఎత్తి ఇది ఇటు మార్చుకోండి, చేత్తోనే వస్తది."

చిల్లకల్లు దాటేదాకా నేను తిరిగి మా తాతగారి మనవణ్ణి. తర్వాత రోడ్డు పనుల దగ్గర బండ్లన్నీ ఇరుకు దారిలోకి మళ్ళించారు. ముందు సిమెంటు లారీ, వెనక బస్సు, ఎడమవైపు కాంక్రీటు దిమ్మెలు, కుడివైపు కూలికెళ్ళే ఆడవాళ్ళ ఆటో. ఇరవై నిమిషాలైనా కదలిక లేదు. ఆటోలోవాళ్ళు నా వైపు చేతులు ఊపుతున్నారు. మర్యాదగా తల ఊపాను.

అప్పుడు చూశాను. లారీ వెనక్కి వస్తోంది.

హారన్ నొక్కాను. రెండు చేతులతో నొక్కాను. వెనక బస్సు, పక్కన దిమ్మెలు. అద్దం దించి తల బయట పెట్టాను. మా ఇంట్లో వీధిలో కేకలు వేసే అలవాటు లేదు, వేయడానికి మనుషులుండేవాళ్ళు. గొంతులోంచి "డ్రైవరుగారూ..." అని మాత్రం వచ్చింది.

"అట్టా పిలిస్తే ఆగుద్దా? ఆరన్ కొట్టయ్యా!" ఆటోలోంచి ఒకావిడ అరిచింది.

"హారన్ లేదమ్మా."

"ఏసీ కారుకి ఆరన్ లేదంటనే!"

ఆటో అంతా ఘొల్లుమంది. ఆవిడ ఒక్క గెంతున దిగి, టిఫిన్ క్యారేజీతో లారీ పక్కన దడదడా బాదింది. "ఒరేయ్, ఆపరా! ఎనక పెద్దాయన సచ్చిపోతాడు!"

బానెట్‌కి జానెడు దూరంలో లారీ ఆగింది.

ఆవిడ నా కిటికీలో ముఖం పెట్టింది. "అబ్బ, చల్లగా ఉందే! ఇందాకట్నించి అందరం అరుస్తున్నాం. అద్దాలేసుకుంటే ఏం ఇనపడుద్దయ్యా నీకు?"

దిగాను. అంతమంది చూస్తుండగా బానెట్ ఎత్తి, రిలే పీకి హారన్ గుంటలో గుచ్చాను. ఒకసారి మోగించి చూసుకున్నాను. ఆటోలోవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాలుగు అద్దాలూ దించి బయల్దేరాను.

నందిగామ చేరేసరికి పదకొండు కావస్తోంది. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది, పంచెకి నల్లటి వేలిముద్రలు. ప్రిన్సిపాల్ ఎదురొచ్చి నన్ను పైనుంచి కిందికి చూశారు.

"అయ్యో, కార్లో ఏసీ పనిచెయ్యట్లేదాండీ?"

ఏడాదిగా ఈ ప్రశ్న నుంచే దాక్కున్నాను.

"లేదండి. కిందటేడాది నుంచీ లేదు."

"వేదిక మీద ఫ్యాను మీ వైపు తిప్పిస్తానుండండి," అని ఆయన స్విచ్చి వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.