కేసెట్టు పెట్టె ముందు మర్యాద

మావారు అప్పాజీ గొంతు రావులపాలెం అరటి మార్కెట్ మొత్తానికీ తెలుసు. గెల బేరం మొదలెట్టారంటే కాకులు లేచిపోవాల్సిందే. ఇంట్లోనూ అంతే. కాఫీ కాస్త ఆలస్యమైతే, "ఏమే, ఎక్కడ చచ్చావ్?" అని కేక.

అలాంటి మనిషి ఓరోజు బేరం మధ్యలో గుండె పట్టుకుని గెలల మీద కూలబడ్డారు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. రాజమండ్రి తీసుకెళ్తే ఈసీజీ తీశారు. శుభ్రంగా ఉంది. మళ్లీ దడ వచ్చింది, మళ్లీ తీశారు, మళ్లీ శుభ్రమే.

"ఈసీజీ ఆ క్షణం వరకే చూస్తుందమ్మా. దడ సరిగ్గా అప్పుడే రావాలి కదా! రోజంతా కనిపెట్టుకునుండే మిషన్ కడతాను. రోగమేంటో తేలకుండా మందివ్వలేను, వదిలేస్తే ప్రమాదం" అన్నారు డాక్టరుగారు. ఛాతీకి తీగలంటించి, నడుముకో పెట్టె కట్టారు. లోపల కేసెట్టు తిరుగుతోంది.

ఆ కేసెట్టుతోనే వచ్చింది తంటా. తన మాటలన్నీ అందులోకెక్కుతాయని, రేపు డాక్టరుగారు కూర్చుని వింటారని మావారి నమ్మకం. ఇంక చూడండి! మార్కెట్ మానేసి, ఉతికిన పంచె కట్టి మంచమ్మీద కూర్చున్నారు. "సంపూర్ణం గారూ, కాస్త కాఫీ ఇప్పిస్తారాండి?" అన్నారు. పెళ్లైన ఇన్నేళ్లకి! పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఉప్పు మర్చిపోయిన పప్పుని కూడా, "అమృతమండి" అని పెట్టె వైపు వంగి మరీ చెప్పారు.

రిపోర్టు శుభ్రం. నాకు ఒళ్లు మండిపోయింది. "పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుంటే రోగం ఎలా దొరుకుద్దండీ?" అని డాక్టరుగారి ముందే కడిగేశాను. డాక్టరుగారు నవ్వాపుకోలేక, "ఇది మాటలు వినదండి బాబూ, గుండె చప్పుడొక్కటే పట్టుకుంటుంది. మీ పని మీరు చేసుకోండి" అని మళ్లీ కట్టారు.

మర్నాడు మార్కెట్లో వ్యాపారి సామ్యేలుతో కర్పూర గెలల బేరం. పెట్టె తగిలించుకునే హైవే దాకా వినబడేలా అరిచారు. దడ వచ్చింది, దొరికింది కూడా. గుండె లయ తప్పుతోందని, సమయానికి తెలిసిందని డాక్టరుగారు మాత్రలు రాశారు. తిరిగొస్తూ బస్సులో ఏడ్చేశాను.

"దొరికింది కదే, ఇంకా ఏడుపేంటి?" అని కసిరారు మావారు.

పెట్టె వెళ్లిపోయింది, కేకలు తిరిగొచ్చాయి. బతికున్నారు, అదే చాలనుకున్నాను. ఓ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, "సంపూర్ణం గారూ, మాత్ర ఇస్తారాండి?" అన్నారు.

గబుక్కున వెళ్లి చొక్కా ఎత్తి చూశాను. తీగల్లేవు, పెట్టె లేదు.

"ఏంటే ఆ చూపు?"

"ఏం లేదండి," అన్నాను. "ఈసారి దడ నాకొచ్చింది."