కువైట్‌లో ఉన్న నా గర్భసంచి

సిరిసిల్లలో ఆడపిల్లగా పుట్టాను. మరమగ్గాలు ఆగిపోయిన ఏడాది ముంబై పక్కన భివండికి పోయి, హార్మోన్ సూదులు వేయించుకుని, కొన్నేళ్లకు మీసంతో, మగవాడిగా తిరిగొచ్చాను. సొంతూరికి మాత్రం పోలేదు. ఎవరూ ఎరగని కోరుట్లలో గది అడిగాను. ఒంటరి మగవాడికి ఇవ్వనన్నాడు ఓనరు. పెళ్లాం కువైట్‌లో వంటపని చేస్తున్నదని చెప్పాను. నా అబద్ధాలకు కాళ్లూ చేతులూ ఉంటాయి. ఆమె వాడకట్టు మొత్తానికి ఖర్జూరాలు కూడా పంపింది.

నలభై అయిదు దాటాక, ఎప్పుడో ఆగిపోయిన నెత్తురు మళ్లీ మొదలైంది. చాయ్ హోటల్లో అడిగినవాళ్లకు మొలలని చెప్పుకున్నాను. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు జగిత్యాలలో ఉచితంగా పరీక్ష చేస్తున్నారని గోడ మీద చదివి బస్సెక్కాను.

చీటీలు రాసే నర్సుకు ఆధార్ కార్డు ఇచ్చాను. అందులో ఇంకా పాత పేరే, జడతో ఉన్న ఫోటోనే.

"మీ ఇంటామెదా అన్నా?"

అవునన్నాను. అలవాటైన నోరు.

"మరేది? పిలువుండ్రి."

"కువైట్ల ఉన్నది."

"కువైట్ల ఉన్న గర్భసంచికి జగిత్యాలల పరీక్ష ఎట్ల జెయ్యాల్నే అన్నా?"

వరుసలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. అంత మంచి మాట నాకు తట్టనందుకు అసూయ పడ్డాను. తర్వాత బల్ల మీదికి వంగి మెల్లగా చెప్పాను.

"కార్డు నాదే చెల్లె. నెత్తురు నాకే పోతున్నది. రెండు నెలలాయె."

"మేడం, గిటు సూడుండ్రి! గీ అన్నకు గర్భసంచి ఉన్నదట!"

ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. "తాగొచ్చిండు, ఎల్లగొట్టుండ్రి" అంది ఒకామె. డాక్టరమ్మ తెర పక్కకు తీసి నన్ను మీసం నుంచి చెప్పుల దాకా చూసింది. నమ్మింది. నమ్మాక అన్నది:

"ఇప్పుడు గాదు. నిన్ను లోపటికి దీస్కుంటె వీళ్లందరు లేసి పోతరు. అందరైనంక రా."

వాళ్లు విడిచిన చెప్పుల పక్కన నాలుగింటి దాకా కూర్చున్నాను. అందరూ అయ్యారు. నర్సు సామాను డబ్బాలో సర్దేసి, కార్డు నా చేతిలో పెట్టింది.

"టైమైపోయిందన్నా. వచ్చే నెల సిరిసిల్లల క్యాంపు పెడుతరట. కార్డుల అడ్రస్ గూడ సిరిసిల్లదే గదా. మిమ్ముల ఎరిగినోళ్లుంటరు, చెప్తె నమ్ముతరు."

ఆమె మంచి మనసుతోనే చెప్పింది. అక్కడైతే మీసం గీసుకుని, చీర కట్టుకుని, ఎవరో "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా" అంటే తలూపుతూ వరుసలో నిలబడాలి. సరేనన్నాను.

బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కూర్చుంటే మరక అంటుతుందని కోరుట్ల దాకా నిలబడే వచ్చాను.